తాతమ్మ పేరు కోసం

2015 గోదావరి పుష్కరాలలో కొవ్వూరు గోష్పాద క్షేత్రం మెట్ల మీద మా నాన్నగారు పిండప్రదానానికి కూర్చున్నారు. పురోహితుడు ఒక్కొక్కరి పేరే అడుగుతూ ఉంటే తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు తడుముకోకుండా చెప్పారు. తల్లి పేరు కూడా చెప్పారు. "ఇప్పుడు మీ నాయనమ్మగారి పేరు చెప్పండి" అన్నప్పుడు మాత్రం ఆయన నోట మాట రాలేదు. "నేను పుట్టకముందే పోయారండీ, ఇంట్లో అందరూ మామ్మ అనే అనేవారు" అన్నారు చివరికి. వెనక వరసలో చాలామంది తమ వంతు కోసం నిలబడి ఉన్నారు. పురోహితుడు విసుక్కోకుండా, "ఫరవాలేదు, నాయనమ్మగారని మనసులో తలుచుకుని వదలండి" అన్నారు. నాన్నగారు తలుచుకుని వదిలారు. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని, "ఆవిడ కడుపున పుట్టిన వాడి కొడుకుని నేను, పేరు తెలియలేదురా" అని ఒకటికి రెండుసార్లు అన్నారు. ఆయన 2019లో పోయారు. నేను మా తాతమ్మ పేరు వెతకడం మొదలుపెట్టింది ఆ తర్వాతే, ఆ మాట చెవిలో ఉండిపోయినందువల్లే.

మొదట నాకు తట్టింది జనాభా లెక్కలు. ఆలోచన సరైనదే. మద్రాసు రాజధానిలో, అంటే మన కోస్తా జిల్లాలు కూడా ఉన్న ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలో, 1871లో ఒకసారి లెక్కలు తీశారు. 1881 ఫిబ్రవరి 17న దేశమంతటా ఒకేసారి తీశారు. అప్పటినుంచి 1931 దాకా పదేళ్ళకొకసారి, ఒకే రాత్రిని గురిగా పెట్టుకుని ఈ పని సాగింది. ముందు వారాల్లో కరణాలు, బడిపంతుళ్ళు ఇంటింటికీ తిరిగి గోడ మీద నంబరు వేసి, ఇంట్లో ఉన్నవారందరి వివరాలూ పట్టికలో రాసుకునేవారు. తీరా ఆ రాత్రి మళ్ళీ లాంతరు పట్టుకుని అవే ఇళ్ళు తిరిగి, ఆ మధ్యలో పోయినవారిని కొట్టేసి, పుట్టినవారిని, చుట్టపుచూపుగా వచ్చినవారిని చేర్చేవారు. 1911లో అది మార్చి 10, 1921లో మార్చి 18, 1931లో ఫిబ్రవరి 26. పేరు, మతం, ఆడా మగా, పెళ్ళయిందా లేదా, వయసు, కులం, చేసే పని, మాట్లాడే భాష, పుట్టిన జిల్లా, చదువు వచ్చా రాదా అనే గడులు ఒక్కొక్క మనిషికీ నింపారు. మా తాతమ్మ 1911లోనూ 1921లోనూ తణుకు తాలూకాలోని ఒక ఊళ్ళో, మా పాత పెంకుటింట్లోనే ఉందని లెక్కకట్టి చెప్పగలను. అంటే ఆవిడ కోసం ప్రభుత్వం కాగితం మీద రెండుసార్లయినా ఒక వరస కేటాయించింది.

ఆ వరస ఇప్పుడు లేదు. పోగొట్టుకున్నందువల్ల కాదు, ఉంచుకోవాలని ఎవరూ అనుకోనందువల్ల లేదు. లెక్కలు తీసినవారికి కావలసింది మొత్తాలు. 1901 నుంచి చీటీల పద్ధతి వచ్చింది. ఇంటి పట్టికలో ఉన్న ప్రతి మనిషికీ ఒక చిన్న చీటీ రాసి, ఆ చీటీలను గూళ్ళలో వేరుచేసి, లెక్కపెట్టి, జిల్లాకు ఎందరు, తాలూకాకు ఎందరు, ఏ కులం వారెందరు, ఏ పని చేసేవారెందరు అని పట్టికలు కట్టారు. చీటీ మీద మనిషి పేరుతో పనిలేదు. మొత్తాలు తేలాక పేర్లున్న కాగితాల మోపులు బరువే తప్ప ఆస్తి కాదు కనుక వాటిని వదిలించుకున్నారు. మిగిలిన లావాటి సంపుటాలు నేను చదివాను. అప్పటి ఆఫీసర్ల శ్రద్ధకు చేతులెత్తి నమస్కరించాలి. ఏ జిల్లాలో ఎందరు వితంతువులున్నారో, వారిలో పదిహేనేళ్ళ లోపువారెందరో కూడా అందులో దొరుకుతుంది. వారిలో ఒక్కరి పేరు కూడా దొరకదు.

ఒకవేళ ఆ కాగితాలు మిగిలి ఉన్నా తాతమ్మ పేరు కనబడేదని పూర్తి భరోసా లేదు. ఇంటి ఆడవారి పేరు చెప్పడానికి ఎవరైనా అభ్యంతరపెడితే బలవంతం చేయకుండా ఆ గడిలో 'స్త్రీ' అని రాసుకుని వచ్చేయమని లెక్కల వారికి ఆ రోజుల్లో సూచనలుండేవి. మన ఇళ్ళల్లో భార్య భర్త పేరు ఎత్తదు, భర్త భార్యను "ఏమే" అనో "ఇదుగో" అనో పిలుస్తాడు, పిల్లలు అమ్మా అంటారు, మనవలు మామ్మా అంటారు. ఒక మనిషికి పేరు ఉండి కూడా దాన్ని నలభై ఏళ్ళపాటు ఎవరూ పలకకుండా ఉండటం మన దగ్గర చాలా మామూలు సంగతి. అలాంటి చోట కాగితం మీద కూడా పేరు లేకపోతే, ఆ మనిషి పోయిన మర్నాటి నుంచే పేరు పోవడం మొదలవుతుంది.

ఇంకొక చోట ఇలా జరగలేదు. ఇంగ్లండులో జనాభా లెక్కల ఇంటి పట్టికలను నూరేళ్ళు మూసి ఉంచి ఆ తర్వాత జనానికి తెరుస్తారు. 1921 నాటివి 2022 జనవరిలో తెరిచారు. అమెరికాలో గడువు డెబ్బై రెండేళ్ళు. 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న తెరిచారు. అక్కడ 1890 లెక్కల కాగితాలు చాలావరకు 1921 నాటి అగ్నిప్రమాదంలో పోయాయి. ఇంగ్లండులో 1931 నాటివి 1942లో కాలిపోయాయి. తమ వంశం వెతుక్కునే అక్కడివారు ఆ రెండు నష్టాల గురించి ఇప్పటికీ ఇంట్లో మనిషి పోయినట్టు మాట్లాడుకుంటారు. మనవి అన్ని దశాబ్దాలవీ పోయాయి, పోయాయని బాధపడేవారు కూడా లేరు.

ఇంగ్లండు, అమెరికా మాట అటుంచి, నన్ను నిజంగా కదిలించింది నేటాల్ ఓడల పట్టికలు. 1860 నుంచి 1911 దాకా మన దేశం నుంచి 1,52,184 మంది కూలి ఒప్పందం మీద దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్ళారు. మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. వెళ్ళినవారిలో ఎక్కువమంది మద్రాసు రేవులో ఎక్కినవారే. వారిలో విశాఖపట్నం, గోదావరి వంటి జిల్లాల నుంచి వెళ్ళిన మన తెలుగువారు వేలమంది ఉన్నారు. చెరకు తోటల యజమానికి ఒప్పజెప్పేటప్పుడు మనిషి తారుమారు కాకూడదు కనుక ఒక్కొక్కరికి ఒక నంబరు ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద ఉన్న గుర్తులు రాశారు. ఆడవారికీ విడిగా నంబరు ఉంది, విడిగా వరస ఉంది. ఆ రాత వెనక దయ ఏమీ లేదు, సరుకు లెక్క లాంటి లెక్క అది. అయినా ఆ పట్టికలు నిలిచాయి కాబట్టి, డర్బన్‌లో పుట్టి తెలుగు మరిచిపోయిన నాలుగో తరం మనిషి తన ముత్తవ్వ పేరు, ఆవిడ తండ్రి పేరు, ఆవిడ ఊరు, ఎడమ మోచేతి మీద ఆవిడకున్న మచ్చ వరకు చెప్పగలుగుతున్నాడు. ఊరు విడిచి వెళ్ళిన కూలిమనిషి జాడ దొరుకుతోంది, ఊళ్ళోనే పుట్టి ఊళ్ళోనే పోయిన మా తాతమ్మ జాడ దొరకడం లేదు. ఈ తేడాకు కారణం ఆ ఇద్దరి బతుకుల్లో లేదు, కాగితం దాచుకునే అలవాటులో మాత్రమే ఉంది.

జనాభా లెక్కల దారి మూసుకుపోయాక జనన మరణాల రిజిస్టర్ల వైపు తిరిగాను. మద్రాసు రాజధానిలో ఇందుకోసం 1899లో ప్రత్యేకంగా చట్టం చేశారు. పల్లెల్లో గ్రామాధికారే ఈ రిజిస్టరు రాసేవాడు. మా తాతగారు 1914 ప్రాంతంలో పుట్టారని ఇంట్లో చెప్పుకునే మాటను ఆధారం చేసుకుని పాత రిజిస్టర్ల కోసం ఒక కార్యాలయం చుట్టూ కొన్ని నెలలు తిరిగాను. అట్టలు ఊడిపోయి, అంచులు పొడి అయిపోతున్న ఆ పుస్తకాల్లో చివరికి ఒక పుట దొరికింది. తేదీ ఉంది. 'మగ శిశువు' అని ఉంది. తండ్రి పేరు మా ముత్తాతది, ఊరు మాది, కులం మాది. బిడ్డ పేరు లేదు, తల్లి పేరు లేదు. పుట్టిన కబురు అందగానే రాసుకునేవారు, బారసాల అయ్యేసరికి ఆ పుట తిరిగిపోయేది, మళ్ళీ వెనక్కి వెళ్ళి పేరు చేర్పించాలన్న ఆలోచన ఎవరికీ ఉండేది కాదు. కనుక ఆ శిశువు మా తాతగారా, మా ఇంట్లో పురిట్లో పోయారని చెప్పుకునే ఆయన అన్నగారా అన్నది నేను ఇప్పటికీ ఖాయంగా చెప్పలేను.

ఈ పేరు లేని శిశువుల కథ పాతదేమీ కాదు. అమెరికాలో గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టుకున్న మన పిల్లలను అడగండి. డెబ్బైలలో, ఎనభైలలో పల్లెల్లో ఇంటి దగ్గరే పుట్టినవారిలో చాలామందికి జనన ధ్రువపత్రమే లేదు. ఉన్నవారిలో కొందరికి అందులో పేరు లేదు. 'రిజిస్టరులో నమోదు లేదు' అని రాసిచ్చే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ కోసం అమ్మానాన్నలు తహసీల్దారు కార్యాలయానికీ పంచాయతీకీ తిరగడం, ఆపైన "వీడు మా కొడుకే" అని కన్నవారు ప్రమాణపత్రం రాసివ్వడం ఎన్నో ఇళ్ళల్లో జరిగింది. 1969 చట్టం దేశమంతటికీ ఒకే పద్ధతి తెచ్చినా, అలవాటు కుదురుకోవడానికి ఇంకో ముప్ఫై ఏళ్ళు పట్టింది. 2023 సవరణతో ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు ఎన్నో పనులకు జనన ధ్రువపత్రమే ఆధారమైంది కనుక ఇకమీద ఈ ఇబ్బంది తగ్గుతుంది. అంతకు ముందు తరాలకు పుట్టినరోజు ఇచ్చినవాడు బడిపంతులు. ఒకటో తరగతిలో వేసుకునేటప్పుడు వయసు సరిపోయేలా ఆయన వేసిన తేదీయే ఎస్సెస్సెల్సీ పుస్తకంలోకి, అక్కడినుంచి ఉద్యోగంలోకి, చివరికి పింఛను కాగితంలోకి నడిచి వచ్చింది. మా నాన్నగారిదీ జూలై 1 తేదీయే.

పాత రిజిస్టర్లు ఎందుకు పోయాయంటే 1984లో కరణం, మునసబు పదవులను రద్దు చేసినప్పుడు పోయాయని కొందరు పెద్దలంటారు. వంశపారంపర్య పెత్తనం పోవడం మంచిదేనని నా నమ్మకం. కానీ తరతరాలుగా ఒకే ఇంటి అటక మీద ఉన్న కాగితాలను పేరు పేరునా చూసుకుని అప్పగింతలు చేయించుకోవడానికి తగినంత సమయం, తగినంత శ్రద్ధ చాలా ఊళ్ళల్లో దొరకలేదు. భూమికి సంబంధించినవి ఎలాగోలా ఆఫీసుకు చేరాయి. మనుషులకు సంబంధించినవాటిని చెదలకు వదిలేశారు.

ఆ మాటే నన్ను భూమి దారి పట్టించింది. మన దేశంలో ప్రభుత్వం మనిషిని మరిచిపోయినా భూమిని మరిచిపోదు. శిస్తు వచ్చేది దాని మీదే కదా. ఇనాములంటే శిస్తు మాఫీ చేసి గానీ తగ్గించి గానీ ఇచ్చిన భూములు, వాటి మీద ఇనాం కమిషన్ 1858లో మొదలుపెట్టి చేసిన విచారణల రిజిస్టర్లు ఉన్నాయి. వాటిలో ఇనాం మొదట ఎవరికి వచ్చింది, ఇప్పుడు అనుభవిస్తున్నవాడెవడు, వాడి వయసెంత, మొదటి ఇనాందారుకు వాడేమవుతాడు అని రాశారు. అవి బ్రాహ్మణ అగ్రహారాల సంగతి మాత్రమేనని చాలామంది అనుకుంటారు కానీ, తలారికి, వెట్టికి, చాకలికి, మంగలికి, కుమ్మరికి ఇచ్చిన సర్వీసు ఇనాములు కూడా వాటిలో ఉన్నాయి. ఆ కుటుంబాలవారు తప్పకుండా చూడవలసిన పుస్తకాలవి. ఆ తర్వాత శిస్తు మళ్ళీ కట్టినప్పటి రీసెట్లమెంటు రిజిస్టర్లు, ఏ పొలం ఎవరి సాగులో ఉందో రాసే అడంగళ్ళు వచ్చాయి. తెలంగాణ వైపు అయితే ఉర్దూలో ఉన్న సేత్వార్లు అనే సర్వే రికార్డులు, అడంగలు లాంటిదే అయిన 1954-55 నాటి ఖాస్రా పహాణీ ఉన్నాయి. పాతవి చదవాలంటే గొలుసుకట్టు రాత రావాలి, తెలుగు అంకెలు రావాలి, ఫసలీ అనే శిస్తు సంవత్సరానికి 590 కలిపితే అది జూలైలో మొదలైన మన సంవత్సరం వస్తుందని గుర్తుండాలి. నేను గొలుసుకట్టు నేర్చుకోవడానికి ఒక రిటైరైన కరణంగారి దగ్గర ఆరు ఆదివారాలు కూర్చున్నాను. కలం ఎత్తకుండా రాసిన ఆ రాతలో మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆయన వేలితో చూపిస్తుంటే తప్ప నాకు తెలిసేది కాదు.

వీటిలో మగవారి పేర్లు వరసగా దొరికాయి. మా ముత్తాత, ఆయన తండ్రి, ఆయన పినతండ్రి, వారి పాలివాళ్ళు కనిపించారు. ఆడవారు లేరు. పట్టా మగవాడి పేరనే ఉండేది. ఆడదాని పేరు భూమి కాగితంలోకి రావాలంటే ఆవిడ వితంతువైనా కావాలి, పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలమైనా ఆవిడకుండాలి. మా మేనత్త ఒకసారి, "మా నాయనమ్మ పసుపు కుంకుమ పొలం అమ్మి మా పెద్దత్త పెళ్ళి చేశారట" అన్నప్పుడు నాకు వెలుగు కనబడింది. అమ్మారంటే రిజిస్ట్రేషను ఉంటుంది. రిజిస్ట్రేషనులో అమ్మినవారి పేరు తప్పకుండా ఉంటుంది.

వెతకడం మొదలుపెట్టాక ఒక పొరపాటులో పడ్డాను, ఇది ఆ ప్రాంతంవారు అందరూ తెలుసుకోవలసినది. మాది పశ్చిమ గోదావరి జిల్లా అని నాకు తెలుసు కనుక ఆ పేరుతో వెతికాను. ఆ జిల్లా ఏర్పడిందే 1925లో. 1904కు ముందు తణుకు తాలూకా గోదావరి జిల్లాలో ఉండేది. 1904 నుంచి 1925 వరకు కృష్ణా జిల్లాలో ఉంది. ఊరు కదలలేదు, కానీ మా వాళ్ళు మూడు జిల్లాల కాగితాల్లో మూడు చోట్ల ఉన్నారు. ఆ సంగతి తెలిశాక, పాత ఇండెక్సు పుస్తకాలు ఉన్న ఒక సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకుని, రుసుము కట్టి, పేర్ల ఇండెక్సులో కాదు, ఆస్తుల ఇండెక్సులో ఆ ఊరి సర్వే నంబర్ల మీదుగా వెతికించాను. పేరే తెలియనప్పుడు పేర్ల ఇండెక్సు ఎందుకూ పనికిరాదు. మేనత్త చెప్పిన చెరువు గట్టు, పక్క పొలంవారి ఇంటిపేరు, ఈ రెండూ నాకు ఆధారాలు.

1922 మే నెల దస్తావేజు దొరికింది. దుందుభి నామ సంవత్సర వైశాఖం, ఫసలీ 1331. 'కృష్ణా జిల్లా తణుకు తాలూకా' అని మొదలై, ఊరి పేరు, కాపురస్థుడు అని మా ముత్తాత పేరు, ఆ వెంట 'భార్య మంగాయమ్మ' అని ఉంది. నేను ఆ మాట దగ్గర ఆగిపోయాను. కింద 'నా తల్లిదండ్రులు నాకు పసుపు కుంకుమల కింద ఇచ్చియున్న' పొలం ఎకరం నలభై సెంట్లు, 'నా కుమార్తె వివాహ ఖర్చుల నిమిత్తం' అమ్ముతున్నట్టు ఉంది. నాలుగు వైపులా హద్దులు ఉన్నాయి, వాటిలో మేనత్త చెప్పిన చెరువు గట్టు ఉంది. మంగాయమ్మ తండ్రి పేరు, ఆయన ఊరు ఉన్నాయి. చివర 'మంగాయమ్మ వేలిముద్ర' అని అక్షరాలతో ఉంది. అసలు వేలిముద్ర కొన్నవారి దస్తావేజు మీద ఉండి ఉంటుంది. రిజిస్టరులో దిగేది నకలు రాసే గుమాస్తా చేతిరాత మాత్రమే. ఆవిడ వేలు ఆనిన చోట గుమాస్తా ఆవిడ పేరు రాశాడు. ఆవిడ మాట మాత్రం ఆ దస్తావేజులో 'నేను', 'నాకు', 'నా కుమార్తె' అని పదకొండుసార్లు ఉంది. రాయించింది ఎవరైనా, చదివి వినిపించి ఒప్పుకున్నాకే రిజిస్ట్రేషను చేస్తారు కనుక, ఆ మాటలు ఆవిడ విని, అవునన్న మాటలు. మా ఇంట్లో ఆడవారిలో ఇంత పాత మాట ఇంకెవరిదీ మాకు లేదు.

నా వెతుకులాట ఫలించింది, నిజమే. కానీ అది ఎందువల్ల ఫలించిందో ఆలోచించిన కొద్దీ నాకు సంతోషం కన్నా కలవరం ఎక్కువవుతోంది. మంగాయమ్మ దొరికింది ఆవిడకు ఎకరం నలభై సెంట్ల పొలం ఉండబట్టి, అదీ అమ్ముకోవలసి రాబట్టి. అమ్మకుండా ఉండి ఉంటే ఆవిడ పేరు దొరికేది కాదు. పొలమే లేని ఇళ్ళ సంగతేమిటి?

నా స్నేహితుడొకడు ఒంగోలు వైపువాడు, దళిత కుటుంబం. వాళ్ళ ముత్తాతలకు సెంటు భూమి లేదు కనుక పట్టా లేదు, దస్తావేజు లేదు, అడంగలు లేదు. వాడికి దొరికిన ఒకే ఒక్క కాగితం బాప్తిస్మం రిజిస్టరు. 1876 నుంచి 1878 దాకా వచ్చిన పెద్ద కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని చూపించారు. కూడు కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని ఆ కరువు పని సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ తరం వారి పేర్లు, ఊళ్ళు, భార్యల పేర్లు, పిల్లల పేర్లు సంఘాల పుస్తకాల్లోకి ఎక్కడం మొదలైంది. సర్కారు రిజిస్టరులో 'ఆడ శిశువు' అని ఊరుకున్న చోట, చర్చి పుస్తకం ఆ అమ్మాయికి ఒక పేరు రాసింది. మా స్నేహితుడి ముత్తవ్వ పేరు వాడికి చిన్నప్పటినుంచీ తెలుసు, ఆ విషయంలో వాడు నాకన్నా ధనవంతుడు. కానీ చర్చిలో చేరని దళిత కుటుంబానికి, ఇనాం లేని కూలి కుటుంబానికి, ఊరూరా తిరిగిన సంచార కుటుంబానికి ఆ పాటి కాగితం కూడా లేదు.

అందుకే నేను మళ్ళీ జనాభా లెక్కల దగ్గరికే వస్తున్నాను. భూమి రికార్డు భూమి ఉన్నవాడిది. దస్తావేజు అమ్ముకునేందుకు ఏదో ఒకటి ఉన్నవాడిది. బడి రిజిస్టరు బడికి పోగలిగినవాడిది. గయలోనూ కాశీలోనూ పండాల దగ్గరుండే పేర్ల పుస్తకాలు అంతదూరం వెళ్ళగలిగినవారివి, అదీ మగవారివి. జమీందారుకూ పాలేరుకూ, అత్తకూ కోడలికీ, పొత్తిళ్ళలో బిడ్డకూ తలకొక్క వరస చొప్పున సమానంగా ఇచ్చిన పుస్తకం ఈ దేశంలో జనాభా లెక్కల పట్టిక ఒక్కటే. దాన్నే మనం లెక్కపెట్టి పారేశాం. ఓటర్ల జాబితాలు వచ్చేదాకా అన్ని కులాల, అన్ని ఇళ్ళ ఆడవారి పేర్లు ఒకచోట రాసిన అవకాశం అది తప్ప ఇంకోటి రాలేదు.

ఇప్పుడు 2027 లెక్కలు వస్తున్నాయి. 2011 తర్వాత ఇవే మొదటివి. 2027 మార్చి 1 తేదీని ఆధారంగా పెట్టుకున్నారు. కాగితం కాకుండా మొబైల్ యాప్‌లో నింపే మొదటి లెక్కలు ఇవి. స్వాతంత్ర్యం వచ్చాక మొదటిసారి అందరి కులాలూ అడగబోతున్నారు. పాత రోజుల్లో కాగితాలు దాచడానికి గోదాములు లేవు, చెదలు, వరదలు, ఖర్చు అన్నారు, అందులో కొంత న్యాయం ఉంది. ఈసారి ఆ కారణాలేవీ వర్తించవు. ఒక్కొక్క మనిషి వివరాలను భద్రంగా తాళం వేసి నూరేళ్ళు ఉంచి, 2127లో ఆ మనిషి మునిమనవల కోసం తెరవాలన్నది నా కోరిక. ప్రస్తుతం 1948 జనాభా లెక్కల చట్టం 15వ సెక్షను ప్రకారం ఈ రికార్డులను చూసే హక్కు ఎవరికీ లేదు, వాటిలోని మాట కోర్టులో సాక్ష్యానికి కూడా చెల్లదు. ఆ సెక్షనులో కాలపరిమితి లేదు. నా రికార్డు నేను చూడలేను, నేను పోయిన రెండు వందల ఏళ్ళకు నా వంశం వాళ్ళు కూడా చూడలేరు.

దీనికి ఎదురుగా చెప్పే మాట బలమైనది, దాన్ని తేలిగ్గా తీసిపారేయడం తప్పు. మనిషి పేరుతో వివరాలు దాచి ఉంచితే ఎప్పుడో ఎవరో వాటిని ఆ మనిషి మీదకే తిప్పుతారన్న భయం ఉత్తుత్తిది కాదు. అస్సాంలో 1951 జనాభా లెక్కల ఆధారంగా పౌరుల రిజిస్టరు తయారుచేశారు. అరవై ఏళ్ళ తర్వాత, ఆ పాత రిజిస్టరులోనో 1971 దాకా వచ్చిన ఓటర్ల జాబితాలోనో మీ తాత పేరు చూపించమని జనాన్ని నిలబెట్టారు. 2019 ఆగస్టు 31న వచ్చిన తుది జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేవు. పెళ్ళయి వేరే ఊరికి వెళ్ళి, పుట్టింటితో తన సంబంధం చూపించే కాగితం లేని ఆడవారు అందులో ఎక్కువగా ఇబ్బంది పడ్డారు. తాత పేరు వెతకడం కొందరికి ముచ్చట, కొందరికి బతుకు తెరువు, ఇంకొందరికి మెడ మీద కత్తి అని నాకు ఆ వార్తలు చదివాకే తెలిసింది. కులం గడి నిండిన పట్టిక పక్కవాడి చేతిలో పడితే ఏమవుతుందో మన పల్లెల్లో పెరిగినవారికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయినా నా అభిప్రాయం మారలేదు, ఎందుకంటే ఈ భయానికి మందు నాశనం చేయడం ఒక్కటే కాదు. ఆస్ట్రేలియా కూడా మనలాగే ప్రతిసారీ ఇంటి పట్టికలను నాశనం చేస్తూ వచ్చిన దేశం. 2001లో వాళ్ళు పట్టిక చివర ఒక ప్రశ్న చేర్చారు. మీ వివరాలను పేరుతో సహా జాతీయ ఆర్కైవ్స్‌లో 99 ఏళ్ళు మూసి ఉంచమంటారా, వద్దంటారా అని అడిగారు. ఉంచమన్నవారివే ఉంచారు, వద్దన్నవారివి తీసేశారు. సగానికి పైగా ఉంచమన్నారు. ఆ గడువు లోపల ప్రభుత్వానికి గానీ కోర్టుకు గానీ వాటిని తెరిచే వీలు లేకుండా చేశారు. ఇందులో బలవంతం లేదు, దాపరికం లేదు. భయపడే ఇల్లు వద్దంటుంది, భయం లేని ఇల్లు ఉంచమంటుంది. అంత చిన్న ప్రశ్న మన లెక్కల్లో కూడా ఉండాలని, 15వ సెక్షను రక్షణను నూరేళ్ళ వరకు ఇప్పటికన్నా గట్టిగా చేసి, ఆ తర్వాత వారసులకు మాత్రమే మొదట తెరవాలని నేను అడుగుతున్నాను. కులం గడిని పక్కన పెట్టి పేరు, వయసు, సంబంధం, పుట్టిన ఊరు మాత్రమే దాచినా నాకు అభ్యంతరం లేదు. మునిమనవరాలు వెతికేది ఆ నాలుగే.

ఈసారికి ఆ ప్రశ్న రాకపోవచ్చు. కనుక నా మట్టుకు నేను ఒక పని మొదలుపెట్టాను. లెక్కలవారికి చెప్పబోయే వివరాలనే ఒక మంచి కాగితం మీద ముందుగా రాసి పెట్టాను. మా ఇంట్లోవారి పేర్లు ముద్దుపేర్లతో సహా, మా ఆవిడ పుట్టింటి ఇంటిపేరు, ఆవిడ తల్లి పేరు, అమ్మమ్మ పేరు అందులో ఉన్నాయి. మా మేనత్తకు ఎనభై నాలుగేళ్ళు. ఆవిడ దగ్గర కూర్చుని పోయిన సంక్రాంతికి ముప్ఫై ఒక్క మంది ఆడవారి పేర్లు రాసుకున్నాను. అందులో తొమ్మిది ఎవరి నోటా ఎప్పుడూ వినలేదు. ఒక్కో పేరుకు ఆవిడ కళ్ళు మూసుకుని, ఏ ఇంటి కోడలు, ఎవరి పిల్ల, పెళ్ళినాడు ఏం జరిగింది అని లోపలికి వెళ్ళి వచ్చి మరీ చెప్పింది. మంగాయమ్మ అన్న పేరు నేను చెబితే, "అదే కాబోలు, మా అమ్మ ఎప్పుడైనా పిల్లకి మంగ అని పెడదామంటే మా నాన్న తల వంచుకునేవాడు" అంది.

2027లోనే గోదావరి పుష్కరాలు కూడా వస్తున్నాయి. నాన్నగారు లేరు కనుక కొవ్వూరు మెట్ల మీద ఈసారి నేను కూర్చోవాలి. పురోహితుడు తల్లి, నాయనమ్మ, తాతమ్మ అని ఆడవారివి మూడు పేర్లు అడుగుతారు, మంగాయమ్మ మూడోది. మా అబ్బాయి కూర్చునేనాటికి వరస ఒక మెట్టు జరిగి, ఆవిడ పేరు ఎవరూ అడగరు. దస్తావేజు నకలుకి లామినేషను చేయించి, మేనత్త చెప్పిన ముప్ఫై ఒక్క పేర్ల కాగితంతో కలిపి మా బీరువాలో ఇంటి దస్తావేజుల కట్టలోనే పెట్టాను. ఆ కట్టనైతే మా ఇంట్లో ఎవరూ పారేయరు. మంగాయమ్మను కన్నతల్లి పేరు గడి మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. ఆవిడ పుట్టింటి ఊరు ఇప్పుడు తెలుసు కాబట్టి, వచ్చే వేసవిలో అక్కడికి వెళ్తున్నాను.